క్యాన్సర్ – కణం గడప మీది ప్రొటీన్లు
(మన సంఘం ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు అరగంట సమయం ఇచ్చారు. నేను డాక్టరును కాను. ప్రభుత్వ కళాశాలల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు జీవరసాయన శాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాబట్టి ఎవరు ఏ మందు వాడాలో, ఎంత మోతాదులో వాడాలో నేను చెప్పబోవడం లేదు. అది మీ డాక్టరుగారు చెప్పవలసిన మాట. క్యాన్సర్ కణం ఎలా పెరుగుతుంది, ఎలా పాకుతుంది, దాన్ని ఎక్కడ పట్టుకోవచ్చు అన్న సంగతి ముందు మనవి చేస్తాను. ఆ తరువాత, బయాప్సీ రిపోర్టులో ఉండే ఒక చిన్న పంక్తికి ఎంత విలువ ఉందో చెబుతాను. మన వయసువాళ్ల బంధువర్గంలో ఎక్కడో ఒకచోటికి ఈ రిపోర్టు వస్తూనే ఉంది. వచ్చినప్పుడు అందరం ఒకే ప్రశ్న అడుగుతాం: "ఎన్నో స్టేజీ?" ఆ ప్రశ్న అవసరమైనదే. దాని పక్కన మరో ప్రశ్న కూడా అడగాలని చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

కణానికీ ఒక గడప ఉంది

మన శరీరం కోటానుకోట్ల కణాలతో నిర్మితమైనదని అందరికీ తెలుసు. ప్రతి కణానికీ చుట్టూ ఒక పలుచని పొర ఉంటుంది. దాన్నే కణత్వచం అంటాం. దాని మందం మిల్లీమీటరులో లక్షో వంతు, ఇంకా చెప్పాలంటే అంతకంటే కొంచెం తక్కువే. ఈ పొర రెండు వరుసల కొవ్వు అణువులతో ఏర్పడింది. నూనెలాంటి ఈ పొరలో ప్రొటీన్లు తేలుతూ, అటూ ఇటూ కదులుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు వివరించారు. ఆ చిత్రమే ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

కొవ్వు పొర ఇంటి గోడ అనుకుంటే, ఈ ప్రొటీన్లు ఆ గోడకున్న తలుపులు, కిటికీలు, గొళ్లాలు, కాలింగ్ బెల్లులు. బయటి కబురు లోపలికి రావాలన్నా, పక్క కణాన్ని పట్టుకుని ఉండాలన్నా, తానెవరో పోలీసులాంటి రక్షక కణాలకు చెప్పుకోవాలన్నా కణానికి ఇవే ఆధారం. క్యాన్సర్‌కు మూలం కణం లోపలి జన్యువుల్లో వచ్చే మార్పు. అయితే ఆ మార్పు ఫలితం చాలాసార్లు బయటపడేది ఈ గడప మీదే.

తపాల్ గుమాస్తా కథ

మనందరం ఆఫీసుల్లో పనిచేసినవాళ్లమే కనుక ఆఫీసు భాషలోనే చెబుతాను. బయటి నుంచి ఉత్తరం వస్తే తెచ్చినవాడు నేరుగా అధికారి గదిలోకి పోడు. తపాల్ గుమాస్తా తీసుకుని, ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించి, అటెండరుకు ఇస్తాడు. కాగితం బల్ల నుంచి బల్లకు నడిచి అధికారి దగ్గరకు చేరుతుంది. ఆయన సంతకం పెడితే పని మొదలవుతుంది.

కణంలోనూ ఇదే పద్ధతి. "పెరుగు, రెండుగా చీలు" అని చెప్పే ఉత్తరాలను వృద్ధి కారకాలు అంటారు. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు ఇలాంటి పదార్థాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే, అవి మామూలు కంటే ముందుగానే కళ్లు తెరిచాయి. ఆ పరిశీలనతో మొదలైన పరిశోధనకు ఆయనకు, రీటా లెవీ-మోంటాల్చినీకి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఉత్తరాన్ని అందుకునే తపాల్ గుమాస్తా కణత్వచంలో నిలబడి ఉండే గ్రాహక ప్రొటీను. దాని తల బయట, కాళ్లు లోపల. తలకు ఉత్తరం అందగానే ఇద్దరు గుమాస్తాలు జతకడతారు. లోపలి కాళ్లు పనిలోకి దిగి, పక్కనున్న ప్రొటీన్లకు ఫాస్ఫేట్ ముద్ర కొట్టి పంపిస్తాయి. ఆ ముద్రలు చేతులు మారుతూ కేంద్రకానికి చేరతాయి. కణం చీలుతుంది. పని అయిపోయాక కణం ఆ గ్రాహకాన్ని లోపలికి లాక్కుని, చాలావరకు కరిగించేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆజ్ఞకూ, ఆజ్ఞ రద్దుకూ రెండింటికీ ఏర్పాటు ఉంటుంది.

ఈ కుటుంబంలో నలుగురు గ్రాహకాలు ఉన్నారు. అందులో రెండవదాని పేరు హెర్-2. దీని జన్యువును 1985లో వేరుచేసి గుర్తించారు. దీనికి ఒక విచిత్ర లక్షణం ఉంది. మిగతావాటిలా దీనికి తన పేర ఉత్తరం రానక్కరలేదు. ఎప్పుడూ చేయి చాచి నిలబడి ఉంటుంది. పక్కన ఎవరు దొరికితే వారితో జతకడుతుంది. సంఖ్య తక్కువగా ఉన్నంతకాలం దీనివల్ల ప్రమాదం లేదు.

మామూలు కణంలో ఈ జన్యువుకు రెండే ప్రతులు – తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కొందరి రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఆ ప్రతులు పది, ఇరవై, ఇంకా ఎక్కువ అవుతాయి. గడప మీద వేలల్లో ఉండవలసిన హెర్-2 ప్రొటీన్లు లక్షల్లోకి చేరతాయి. తపాల్ సెక్షన్‌లో ఇద్దరు ఉండవలసిన చోట రెండు వందల మందిని నిలబెడితే ఏమవుతుంది? ఒకరినొకరు తోసుకుంటూ, రాని ఉత్తరాలకు కూడా నంబరు వేసి లోపలికి పంపుతారు. కణం ఆగకుండా చీలుతూ పోతుంది.

1987లో లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయ వైద్యుడు డెన్నిస్ స్లామన్, ఆయన సహచరులు 189 రొమ్ము కణుతులను పరీక్షించారు. దాదాపు 30 శాతం కణుతుల్లో ఈ జన్యువు ప్రతులు పెరిగి ఉన్నాయి. ఆ రోగులకే వ్యాధి త్వరగా తిరగబెట్టింది, వారే ముందుగా చనిపోయారు. తరువాతి లెక్కల్లో ఈ రకం మొత్తం రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం అని తేలింది. ఇక్కడ సోదరీమణులకు ఒక మాట. ఈ ప్రతుల పెరుగుదల కణితిలో మాత్రమే జరిగేది. తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు. ఇది ఉన్నంత మాత్రాన కూతుళ్లకు సంక్రమిస్తుందన్న భయం అక్కరలేదు. వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్లు వేరే ఉన్నాయి. వాటి పరీక్షలూ వేరు.

పట్టు వదిలిన చేతులు

పెరగడం ఒక ఎత్తు, పాకడం మరొక ఎత్తు. క్యాన్సర్ మరణాల్లో ఎక్కువ భాగం మొదటి గడ్డవల్ల కాక, అది ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు, మెదడుకు వ్యాపించడంవల్లే జరుగుతున్నాయి. ఇక్కడా గడప మీది ప్రొటీన్లదే పాత్ర.

చర్మం, పేగు, పాలనాళాల లోపలి పొరల్లో కణాలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని ఉంటాయి. ఆ చేతుల పేరు ఇ-క్యాధిరిన్. వీటి పట్టుకు కాల్షియం కావాలి. జపాన్ శాస్త్రజ్ఞుడు టకెయిచి వీటిని కనిపెట్టి పేరు పెట్టారు. ఈ పట్టు సడలితే కణం వరుస తప్పి బయటపడగలదు. రొమ్ము క్యాన్సర్‌లో లోబ్యులార్ అనే రకంలో చాలావరకు ఈ ఇ-క్యాధిరిన్ లోపిస్తుంది. అందువల్ల కణాలు ముద్దకట్టకుండా చీమల బారులాగా ఒకదాని వెనుక ఒకటి సాగుతాయి. చేతికి గడ్డ స్పష్టంగా తగలకపోవచ్చు, మామోగ్రామ్‌లో కూడా తప్పించుకోవచ్చు. గట్టిపడినట్టు, లోపలికి లాగినట్టు అనిపించినా చూపించుకోమని డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఈ ప్రొటీను ఎంత ముఖ్యమో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబం చరిత్ర చెబుతుంది. ఆ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్ వచ్చి ఎందరో చనిపోయారు. కుటుంబసభ్యులే పరిశోధకుల సాయం కోరారు. ఇ-క్యాధిరిన్ జన్యువులో పుట్టుకతో ఉన్న లోపమే కారణమని 1998లో తేలింది. అప్పటినుంచి ఆ లోపం ఉన్నవారిని ముందే గుర్తించి, కడుపును శస్త్రచికిత్సతో తొలగించి కాపాడగలుగుతున్నారు. చేయి పట్టు లేని కణం ఎంత అపాయమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. అన్ని క్యాన్సర్లూ ఈ పట్టు పోతేనే పాకుతాయని అనడానికి వీల్లేదు. కొన్నిచోట్ల కణాలు గుంపుగా, చేయి పట్టుకునే ప్రయాణిస్తాయి.

ఇక కాళ్ల సంగతి. కణాన్ని కింది నేలకు అంటిపెట్టి ఉంచే ప్రొటీన్లు ఇంటిగ్రిన్లు. మనుషుల్లో ఇవి 24 రకాలు. మామూలు కణం నేల నుంచి ఊడిపోతే చనిపోతుంది. ఊడిన కణం ఊరంతా తిరగకుండా ప్రకృతి చేసుకున్న ఏర్పాటు అది. క్యాన్సర్ కణం ఆ శిక్షను తప్పించుకుంటుంది. తన ఇంటిగ్రిన్లను మార్చుకుని కొత్త నేల మీద నడవడం నేర్చుకుంటుంది. త్వచం మీదే ఉండే మరికొన్ని ప్రొటీన్లు కత్తెరల్లా దారిలోని అడ్డును కత్తిరిస్తాయి.

అయితే రొమ్ము క్యాన్సర్ ఎముకలకే, కాలేయానికే ఎందుకు పోవాలి? రక్తం అన్నిచోట్లకూ పారుతుంది కదా! లండన్ శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లో ఇదే ప్రశ్న వేశారు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి, విత్తనం అన్ని దిక్కులకూ కొట్టుకుపోయినా అనుకూలమైన నేలలోనే మొలుస్తుందని రాశారు. వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన మనకు ఈ మాట వెంటనే బోధపడుతుంది. నూట పన్నెండేళ్ల తరువాత, 2001లో, ఆ మాటకు ఒక ఆధారం గడప మీదే దొరికింది. రొమ్ము క్యాన్సర్ కణాల మీద సి.ఎక్స్.సి.ఆర్-4 అనే గ్రాహకం అధికంగా ఉంటుంది. దాన్ని పిలిచే పదార్థం ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, ఎముక మూలుగలో, లింఫు గ్రంథుల్లో ఎక్కువగా తయారవుతుంది. వాసన పట్టి చీమ బెల్లం దగ్గరకు పోయినట్టు కణం ఆ వైపు పోతుంది.

గడప మీద మరో మోసం కూడా ఉంది. రక్షక కణం వచ్చి తలుపు తడితే, కొన్ని క్యాన్సర్ కణాలు పిడి-ఎల్-1 అనే ప్రొటీనును దొంగ గుర్తింపు కార్డులా చూపిస్తాయి. రక్షక కణం మనవాడేనని వెనుదిరుగుతుంది. ఆ కార్డును చదివే ప్రొటీనును 1992లో కనుగొన్న టసుకు హోంజోకు, ఇలాంటిదే మరొక అడ్డును తొలగించే దారి చూపిన జేమ్స్ ఆలిసన్‌కు 2018లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

బయట ఉన్నదే మన అదృష్టం

ఇంతవరకు విన్నాక నిరుత్సాహం కలిగి ఉంటుంది. ఇక మంచి మాట చెబుతాను. ఈ ప్రొటీన్లు కణం బయటకు తల పెట్టుకుని ఉన్నాయి కనుక రక్తంలో వచ్చే మందు వాటిని నేరుగా అందుకోగలదు.

పాత మందుల పద్ధతి వేరు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వాన లెడర్లీ పరిశోధనశాలలో అమినోప్టెరిన్ తయారైంది. దాన్ని బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి, కొంతకాలంపాటైనా వ్యాధిని లొంగదీయవచ్చని 1948లో చూపించారు. కీమోథెరపీకి అది గొప్ప ఆరంభం. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అయితే ఆ మందులు కణం లోపలికి పోయి, చీలే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తాయి. జుట్టు, నోటిపొర, రక్తం తయారయ్యే మూలుగ – అన్నీ నష్టపోతాయి.

ఒకే లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీలను కావలసినంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టైన్ కనుగొన్నారు. ఆ దారిలో హెర్-2 తలను పట్టుకుని కూర్చునే యాంటీబాడీ తయారైంది. దాని పేరు ట్రాస్టుజుమాబ్. 1998 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. వ్యాధి వ్యాపించిన 469 మంది స్త్రీలతో జరిపిన ప్రయోగంలో, కీమోకు ఇది తోడైతే సగటు రోగి ఆయుర్దాయం 20 నెలల నుంచి 25 నెలలకు పెరిగింది. వినడానికి కొద్ది నెలలే. కానీ వ్యాధి వ్యాపించక ముందే, ఆపరేషన్ తరువాత ఇస్తే ఏమవుతుందో చూసిన ప్రయోగాల ఫలితాలు 2005లో వచ్చాయి. వ్యాధి తిరగబెట్టే ప్రమాదం దాదాపు సగానికి తగ్గింది. ఒకప్పుడు అన్నింటికంటే చెడ్డదనుకున్న రకం, చికిత్సకు లొంగే రకంగా మారింది. అయితే ఆ లాభం దక్కాలంటే రోగి కణితి మీద హెర్-2 ఉందో లేదో ముందు తెలియాలి.

మా ఇంట్లో జరిగింది

2016లో మా చెల్లెలికి రొమ్ములో గడ్డ కనిపించింది. ఆమె కూడా రిటైరైన టీచరే. ఆపరేషన్ అయింది, కీమో తేదీలు ఇచ్చారు. మా మేనల్లుడు ఫైలు తెచ్చి, "మావయ్యా, అన్నీ చూశారట, మామూలు కీమో సరిపోతుందన్నారు" అన్నాడు. రిపోర్టు చివరి పంక్తిలో హెర్-2 ఎదురుగా "2+" అని ఉంది. దాని కింద సన్నని అక్షరాలతో, ఫిష్ పరీక్ష చేయించవలసిందిగా పాథాలజిస్టు రాశారు. ఆ వాక్యం ఎవరి కంటా పడలేదు. ఆసుపత్రి పేరు అనవసరం. అక్కడ ఒక్కో డాక్టరు రోజుకు ఎంతమందిని చూస్తారో మనకు తెలుసు.

కణితి ముక్కను మైనంలో పెట్టి దాచే దిమ్మను బ్లాక్ అంటారు. దరఖాస్తు పెట్టి ఆ బ్లాక్ తీసుకుని వేరే ల్యాబ్‌లో ఇచ్చాం. పది రోజులకు జవాబు వచ్చింది: జన్యువు ప్రతులు పెరిగి ఉన్నాయి. వెంటనే డాక్టరుగారు చికిత్స మార్చారు. మూడు వారాలకొకసారి చొప్పున ఏడాది ఇంజక్షన్లు. హెర్-2 గుండె కండరం కణాల మీద కూడా ఉంటుంది కనుక మూడు నెలలకోసారి ఎకో పరీక్ష. ఐదో నెలలో గుండె పనితీరు 62 నుంచి 46 శాతానికి పడింది. ఇంజక్షన్లు ఆపారు. ఆరు వారాలకు గుండె కోలుకుంది, మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఆరు వారాలు మా ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. చెల్లెలు మాత్రం, "ఆపింది కూడా నా మంచికే కదా అన్నయ్యా" అంది. ఇప్పటికీ ఏటేటా పరీక్షలకు వెళ్లివస్తోంది.

ఖర్చు, పరిమితులు

ఖర్చు మాట దాచకూడదు. ఈ మందు మొదట్లో మధ్యతరగతికి అందని ధర. 2014లో బెంగళూరులోని బయోకాన్ సంస్థ దీనికి సమానమైన బయోసిమిలర్‌ను మన దేశంలో విడుదల చేసింది. తరువాత ఇతర సంస్థలూ వచ్చాయి, ధరలు దిగాయి. అంతకుముందే, 2007లో, మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ సంస్థ లింఫోమాకు వాడే రిటుక్సిమాబ్‌ను ఇదే పద్ధతిలో తెచ్చింది. అది పట్టుకునేది కూడా ఒక త్వచ ప్రొటీనునే – సిడి-20. ట్రాస్టుజుమాబ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అయినా ఏడాది కోర్సు తేలికైన ఖర్చు కాదు. ఏ పథకం కింద ఎంత వస్తుందో మొదటి ఇంజక్షన్‌కు ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అన్ని ప్రొటీన్లకూ మందు దొరికిందనుకోవద్దు. ఇంటిగ్రిన్‌ను అడ్డుకునే సిలెంజిటైడ్ అనే మందు మెదడు క్యాన్సర్‌లో ఆయుష్షు పెంచలేకపోయిందని 2014లో ప్రచురించారు. త్వచం కత్తెరలను ఆపే మందులు కూడా అంతకు ముందే విఫలమయ్యాయి. పెరుగుదలకు ఆజ్ఞ ఇచ్చే గుమాస్తాను ఆపగలిగినంతగా, పాకే కాళ్లను ఇంకా ఆపలేకపోతున్నాం. అందుకే పాకకముందే పట్టుకోవడం ముఖ్యం.

మనం అడగవలసినవి

ఇది ఆడవాళ్ల వ్యాధి అని సోదరులు తీరిగ్గా కూర్చోవద్దు. కడుపు క్యాన్సర్లలో దాదాపు ఐదింట ఒకటి హెర్-2 రకం. 2010 నుంచి వాటికీ ఈ మందు వాడుతున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే సోదర గ్రాహకంలో మార్పు ఉంటే మాత్రలతో చికిత్స ఉంది. పొగతాగని ఆసియావాసుల్లో ఈ మార్పు ఎక్కువ.

కనుక మీ ఇంట్లో గానీ, బంధువుల్లో గానీ రిపోర్టు వస్తే ఈ నాలుగు గుర్తుంచుకోండి.

ఒకటి: స్టేజీతోపాటు "కణితి మీద ఏ గ్రాహకాలు ఉన్నాయి, పరీక్ష చేశారా?" అని అడగండి. రొమ్ము అయితే ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 మూడూ ఉండాలి.

రెండు: హెర్-2 ఎదురుగా 3+ ఉంటే ఉన్నట్టు. 2+ ఉంటే ఇంకా తేలనట్టు, ఫిష్ పరీక్ష జరగాలి. 0 లేదా 1+ ఉంటే ట్రాస్టుజుమాబ్‌కు తగనట్టు. అయితే వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో, తక్కువ హెర్-2 ఉన్నవారికి కూడా పనిచేసే కొత్త మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాబట్టి పాత రిపోర్టును కూడా మళ్లీ డాక్టరుగారికి చూపండి.

మూడు: బ్లాక్ ఎక్కడ ఉందో కనుక్కోండి. పారేయనివ్వకండి. ఏళ్ల తరువాత కూడా దాని మీద కొత్త పరీక్ష చేయవచ్చు.

నాలుగు: జబ్బు పేరు ఇంట్లో దాచకండి. రోగికే తెలియకపోతే ఈ ప్రశ్నలు అడిగేదెవరు?

సర్వీసులో ఉండగా మనం ప్రతి కాగితాన్నీ చివరి పంక్తి దాకా చదివి, సంతకం, తేదీ చూసిన తరువాతే ముందుకు పంపేవాళ్లం. ఆ అలవాటును మన ఇంటి ఆసుపత్రి ఫైలుకు కూడా వర్తింపజేయమని కోరుతున్నాను. ప్రతి మంగళవారం సాయంత్రం సంఘ కార్యాలయంలోనే ఉంటాను. రిపోర్టు తెచ్చుకుంటే అందులోని మాటలకు అర్థం చెబుతాను, డాక్టరుగారిని ఏమేమి అడగాలో కాగితం మీద రాసి ఇస్తాను.